తమ్ముడికి ఇవ్వని మందు

డ్రైవింగ్ స్కూలు మాస్టారు కూతురితో మాట్లాడ్డం మానేసి చాలా ఏళ్ళయింది. ఉండేది ఒకే ఇంట్లో, తినేది ఒకే బల్ల దగ్గర. అయినా కూతురికి ఏం చెప్పాలన్నా భార్య మీదుగానే. "దాన్ని గేటు వేసి రమ్మను." "దానికి ఫోనొచ్చిందని చెప్పు." ఆ 'అది' రెండడుగుల దూరంలోనే నిలబడి ఉంటుంది. ఊళ్ళో అందరికీ డాక్టరమ్మ, ఇంట్లో మాత్రం 'అది'.

ఎందుకయ్యా అంటే ఒక్క ముక్కలో చెప్తాడు. తమ్ముణ్ణి చంపుకుందట.

చంపలేదండీ! ఆ పిల్లాడికి ఫ్లూ వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగింది. అప్పుడామె వాణ్ణి చేర్చిన ఆసుపత్రి ఐసీయూలోనే కొత్తగా చేరిన డాక్టరు. ఎవడో మందుల షాపువాడు మాస్టారి చెవిలో ఊదాడు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడితే మనిషి లేచి కూర్చుంటాడని. అంతే, ఈయన వరండాలో కూతురి కోటు పట్టుకుని భోరుమన్నాడు. "నీకు దండం పెడతానే, ఆ మందు వెయ్యవే." ఆమె వెయ్యలేదు. ఫ్లూతో పోరాడుతున్న ఒంటికి ఆ మందు చేతులు కట్టేస్తుందనీ, ఇంకో ఇన్ఫెక్షన్‌కి తలుపు తీస్తుందనీ చదివింది చదివినట్టు చెప్పింది. పెద్ద డాక్టరూ అదే మాటన్నాడు. పిల్లాడు దక్కలేదు. ఆ మందు వేసినా దక్కేవాడు కాదనే ఆమె నమ్మకం. కానీ కొడుకు పోయిన మనిషికి ఆ మాట ఎక్కుతుందా?

ఇన్నేళ్ళకి కొత్త వైరస్ ఒకటి వచ్చి పడింది, మాస్టారు దానికి చిక్కాడు. కూతురు పనిచేసే ఐసీయూకే తీసుకొచ్చారు, అప్పటికే పెదాలు నీలం. మాస్కు బిగించి ఆక్సిజన్ ఎంత పెంచినా వేలికి తగిలించిన మీటరు మీద అంకె ఎక్కనంటే ఎక్కనంటోంది. పెద్ద డాక్టరు చూసి, "స్టెరాయిడ్ మొదలుపెట్టండి" అన్నాడు.

కూతురు ఉలిక్కిపడింది. ఆ మందు తప్పని కాదు, తప్పయినా బాగుండేది! ఈ వైరస్‌లో మనిషి ఆక్సిజన్ దాకా వచ్చాడంటే, ఊపిరితిత్తుల్ని కాల్చేస్తున్నది చాలావరకు ఒంట్లో రేగిన మంటే. దాన్ని అణిచేది ఈ మందే. ఉత్త జ్వరానికి ముందే వేసేస్తే చెరుపు చేస్తుంది, ఇప్పుడు వెయ్యకపోతే మనిషే ఉండకపోవచ్చు. ఇదంతా ఆమెకి కొట్టిన పిండి. కానీ ఇన్నేళ్ళూ తండ్రి దెప్పుతూ వచ్చింది ఈ మందు పేరు చెప్పే కదా.

"నా చేత్తో వెయ్యలేను సార్, నర్సుతో వేయించండి" అని పక్కకి తప్పుకుంది.

మందు బాగా పనిచేసింది. మెల్లమెల్లగా ఆక్సిజన్ తగ్గిస్తూ వచ్చారు. ఊపిరితో పాటు ఆయనకి హుషారు కూడా వచ్చింది. ఈ మందు కొందర్ని అలా చేస్తుంది లెండి. నిద్ర పట్టనివ్వదు, షుగరు ఎక్కిస్తుంది, ఆకలి రేపుతుంది, మనసుని గాల్లో తేలుస్తుంది. మాస్టారు ప్లేటు ఖాళీ చేసి ఇంకో ప్లేటు తెమ్మన్నాడు. మంచం మీంచే నర్సులకి డ్రైవింగు పాఠాలు మొదలెట్టాడు. "క్లచ్చి మెల్లగా వదలమ్మా, అలా తొక్కి పట్టడానికి అదేమన్నా మీ ఆయన కాలా?" వార్డంతా ఒకటే నవ్వులు.

ఒక మధ్యాహ్నం, పరీక్ష చెయ్యడానికొచ్చిన కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇలా కూర్చోవే బంగారం."

ఇన్నేళ్ళకి! ఆమె అక్కడే కూర్చుండిపోయింది.

"నిన్ను చాలా ఏడిపించానే. వాడి రాత అలా ఉంటే నువ్వేం చేస్తావు? నువ్వు వాడికి అక్కవి కాదూ? నీకు మాత్రం కడుపు తరుక్కుపోలేదూ?"

ఇది మందు పలికిస్తున్న మాట అని ఆమె బుర్ర చెప్తూనే ఉంది. చెప్పనీ! ఆమె గ్లౌజులు తడిసేలా ఏడ్చింది. తర్వాత, సిగ్గు విడిచి, ఆయన మనసు మెత్తగా ఉండగానే ఆ సంగతీ చెప్పేసింది. "నాన్నా, నీకు వేసింది ఆ మందే."

మాస్టారు పకపకా నవ్వాడు. "అయితే ఏమైందే? అప్పుడు పనికిరాదు, ఇప్పుడు పనికొచ్చింది. ఎక్కడానికో గేరు, దిగడానికో గేరు. నాకా తెలీదు?"

ఆ రోజు ఇంటికెళ్ళి తల్లిని పట్టుకుని మళ్ళీ ఏడ్చింది. కడుపు నిండా అన్నం తింది.

మందు వేయాల్సిన రోజులు అయిపోయాయి, ఆపేశారు. మాస్టార్ని మామూలు వార్డుకి మార్చారు. హుషారు దిగిపోయింది. పాఠాల్లేవు, నవ్వుల్లేవు. మనిషి గోడకేసి తిరిగి పడుకుంటున్నాడు. నీరసం, అంతే, అని ఆమె తనకి తాను సర్దిచెప్పుకుంది.

ఇంటికి పంపే రోజు, ఉతికిన చొక్కా పట్టుకుని వెళ్ళింది. ఆయన చొక్కా అందుకోలేదు.

"నర్సమ్మ చెప్పింది. ఆ మందు పడితే మనుషులు మారిపోతారట, మనసులో లేనివి కూడా అనేస్తారట. నిజమేనా?"

అబద్ధం ఆడితే పోయేదేముంది? అదేం లేదు నాన్నా, అవన్నీ నీ మాటలే అంటే చాలు, తండ్రి దక్కుతాడు. ఇంట్లో మళ్ళీ మనిషిలా తిరగొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆయన ఆమె మొహంలోకే చూస్తున్నాడు, అడుగుతున్నది కూతుర్ని కాదు, డాక్టర్ని. వెధవ చదువు! అప్పుడూ అడ్డొచ్చింది, ఇప్పుడూ అడ్డొచ్చింది.

"నిజమే నాన్నా. కొందరికి అలా అవుతుంది."

మాస్టారు గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు.

"హమ్మయ్య!" అన్నాడు. "నిజంగానే నిన్ను క్షమించేశానేమోనని హడలి చచ్చాను. పైకెళ్ళాక వాడికి నా మొహం ఎలా చూపించేవాణ్ణి?"