తెరుచుకోని అద్దం

చెప్పాపెట్టకుండా రావడమే కొంప ముంచింది. చిన్నోడు ఎప్పుడొచ్చినా ముందు ఫోన్ చేసేవాడు. ఈసారి సంతోషం పట్టలేక నేరుగా వచ్చేశాడు. తీరా చూస్తే, తను ముచ్చటపడి అక్కకి కట్టిచ్చిన ఇంట్లో, పడమటి వైపు నిలువెత్తు అద్దపు గోడ కనబడితే ఒట్టు! దాని నిండా పాత దుప్పట్లు వేలాడుతున్నాయి. అక్కేమో వెనక సామాన్ల గదిలో చాప మీద పడుకుని ఉంది.

"ఏంటక్కా ఇదంతా?"

"దులుపుదామనీ..." అంటూ లేచి, హడావిడిగా ఏసీ వేయబోయింది.

"దులపడానికి మేకులు కొడతారా ఎవరైనా?"

చిన్నోడు ఆర్కిటెక్టు. పేరొచ్చింది చలికొండల ఊళ్ళో కట్టిన ఇంటితో. అక్కడ ఇలాంటి అద్దపు గోడే మధ్యాహ్నపు ఎండనంతా లోపలికి లాక్కునేది. రాత్రికి హీటరుతో పెద్దగా పనుండేది కాదు. చలిగాలి చొరబడకుండా దాన్ని కదలకుండా బిగించేశాడు. అదే ప్లాను, ఒక్క గీత మార్చకుండా, ఈ మండే ఊరికి దించాడు. ఏసీలు చూసుకుంటాయిలే అనుకున్నాడు మహానుభావుడు!

దుప్పట్ల సంగతి పక్కన పెట్టి, తెచ్చిన కబురు చెప్పాడు. "ఇక్కడి ఆసుపత్రిలో కొత్త వార్డు నాకే ఇచ్చారక్కా. ఇదే అద్దపు గోడ పెడుతున్నా. రోగులు మంచం మీంచే ఆకాశం చూడొచ్చు."

అక్క "వద్దురా" అంది.

"ఏం, ఎందుకని?"

ఏడాదిగా ఆమె కడుపులో దాచుకున్న మాట. తమ్ముడి మొహం చూస్తే నోరు పెగలదు. కానీ మంచం దిగలేని ఆ రోగులు కళ్ళ ముందు మెదిలారు.

"మీ బావ గుండె ఊరికే ఆగలేదురా. ఆ మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీలు ఆగిపోయాయి. నేను బజారుకెళ్ళా. ఆపరేషనయిన మనిషి, తలుపు దాకా నడిచే ఓపిక లేదు. వచ్చేసరికి ఆ అద్దం కింద పడున్నారు. గోళ్ళు చితికిపోయి ఉన్నాయి. తెరుద్దామని అంచు పట్టుకు లాగినట్టున్నారు."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే తట్టుకుంటావట్రా? నువ్వొస్తున్నావంటే దుప్పట్లు తీసేసి, ఏసీలు వేసి కూర్చునేదాన్ని. ఆ అద్దం ముందు నిలబడి నువ్వు మురిసిపోతుంటే, ఎలా చెప్పనురా?"

చిన్నోడు ఏడవలేదు. వెళ్ళి దుప్పటి పక్కకి లాగాడు. ఎండ మొహాన కొట్టింది. అద్దం అంచు పొడుగునా గొళ్ళెం కోసం చేత్తో తడమసాగాడు. పెట్టలేదని అతనికంటే బాగా ఎవరికి తెలుసు? అయినా తడుముతూనే ఉన్నాడు.

"చెయ్యి కాలుతుంది, తియ్యి నాన్నా" అని వెనక నుంచి అక్క ఏడుస్తోంది.