నాలుగు గదుల తెర

నేను ఒక తెరను నాలుగు గదులుగా విడదీసే సాఫ్ట్‌వేర్‌ను. నా గోడలు కనిపించవు, నా తలుపులు చప్పుడు చేయవు. కంట్రోల్ మీటతో పాటు ఒక అంకె నొక్కితే చాలు, కంప్యూటరు తెర మీద పరిచి ఉన్న విండోలన్నీ తప్పుకుని మరొక గది ప్రత్యక్షమవుతుంది. తప్పుకున్నవి మూసుకుపోవు; విడిచిన చోటనే, విడిచిన వరుసలోనే యజమాని రాక కోసం వేచి ఉంటాయి. ఇంతటి క్రమశిక్షణ మనుషుల ఇళ్లలో ఉన్నట్టు నేను వినలేదు.

నన్ను రచించినవాడు హైదరాబాదులోని ఒక ఇంజనీరు. తెర నిండా తెరిచిపెట్టుకున్న విండోల మధ్య కావలసినది ఎన్నడూ చేతికి దొరకక విసిగి, తనకోసం నన్ను తయారుచేసుకున్నాడు. ఆ తరువాత అడిగినవారికల్లా ఉచితంగా ఇచ్చాడు. అలా చేతులు మారుతూ తెనాలిలో సువర్చల నడిపే డీటీపీ సెంటరుకు చేరాను. నన్ను అక్కడి కంప్యూటరులోకి ఎక్కించినవాడు ఆమె మరిది ఫణిభూషణ్.

ఆ కొట్టులో శుభలేఖలూ పెద్దకర్మ కార్డులూ ఒకే యంత్రం మీద తయారయ్యేవి. పెళ్లివారు సువర్చల పక్కనే కుర్చీలు వేసుకుని, తెర మీద చూస్తూ శుభలేఖ దిద్దించుకోవడం ఆనవాయితీ. నేను రాకముందు ఒకనాడు ఆమె ఒక విండో దించగానే, దాని వెనుక నుంచి దండ వేసిన ఫోటో బయటపడింది. పెళ్లివారు ఒక్క మాట అనకుండా లేచి వెళ్లిపోయారు. అనవలసినదంతా ఊళ్లో అన్నారు. ఇంకొకసారి అలా జరిగితే ముహూర్తాల రోజుల్లో ఆ గడప తొక్కేవారు ఉండరు.

అందుకే ఆమె నా మొదటి గదిని పెళ్లిళ్లకు, మూడవదాన్ని పెద్దకర్మలకు కేటాయించింది. నడిమి గదిలో బడుల ప్రశ్నపత్రాలు ఉండేవి. నాలుగవదాన్ని ఫణి పేకాటకు ఆక్రమించుకున్నాడు.

నాలో ఒక సదుపాయం ఉంది. ఏ విండోకు గుర్తు పెడితే అది నాలుగు గదుల్లోనూ కనిపిస్తుంది. ప్రతి పనికీ ముందు వినాయకుడు ఉండాలన్నది సువర్చల నియమం. ఆ బొమ్మను అన్ని గదుల్లోనూ నిలపాలనుకున్న ఆమె, మూడవ గదిలో ఉండగా, పొరపాటున పక్క విండోకు గుర్తు పెట్టింది. అది కాంతయ్య మాస్టారి పెద్దకర్మ కార్డు. ఆజ్ఞను నేను అక్షరాలా నెరవేర్చాను.

అంతలోనే మహాలక్ష్మమ్మ గారు కొడుకును వెంటబెట్టుకుని, మనవరాలి శుభలేఖ చూడటానికి వచ్చి కూర్చున్నారు. ఎవరైనా తుమ్మితే ప్రయాణం మానుకునే మనిషి ఆవిడ. సువర్చల ధీమాగా మొదటి గదిలోకి వచ్చింది. కల్యాణ మంటపం బొమ్మ మీద, దండతో, మాస్టారు.

సువర్చల కంగారుగా మౌసు అందుకుంది. కొడుకు అప్పటికే కుర్చీ వెనక్కి జరిపాడు.

"లే అమ్మా, ఇంకోచోట చేయించుకుందాం."

"కూర్చోరా," అన్నారు ఆవిడ, కళ్లజోడు సవరించుకుంటూ. "ఈయన కాంతయ్య మాస్టారు కాదూ? నీకు ఎక్కాలు వచ్చినయ్యంటే ఈయన చలవే. బతికుంటే మొదటి కార్డు ఆయనకే ఇచ్చేవాళ్లం. పిలవకుండానే వచ్చారు, చూసుకోనీ."

కొడుకు తల వంచుకుని కూర్చున్నాడు. ఆవిడ తెర మీది మాస్టారి ముఖాన్ని తనివితీరా చూసి, సువర్చల వైపు తిరిగారు.

"ఇహ మాస్టార్ని పక్కకి జరపమ్మా. మా వియ్యంకుడి పేరు మీద కూర్చున్నారు."

సువర్చల నవ్వలేక, ఏడవలేక గుర్తు తీసేసింది. మాస్టారిని సగౌరవంగా మూడవ గదికి చేర్చాను. ఈ సంగతి కూడా ఊరంతా పాకింది, అయితే ఈసారి మహాలక్ష్మమ్మ గారి నోట. ఆ ముహూర్తాలకు నా మొదటి గదిలో విండో పెట్టడానికి చోటు లేకపోయింది.

ఇప్పటి కంప్యూటర్లకు గదులు పుట్టుకతోనే వస్తున్నాయట. ఈ మధ్య ఫణి పాత సరుకు ఏరివేస్తూ నన్ను తొలగించబోయాడు.

"దాన్ని కదపకు ఫణీ. ఈ కొట్టు నిలబడింది దానివల్లే," అంది సువర్చల.

నిలబెట్టింది మహాలక్ష్మమ్మ గారేమోనన్న అనుమానం నాకు లేకపోలేదు. కాని పొగడ్తను సరిదిద్దే మీటను ఆ ఇంజనీరు నాలో అమర్చలేదు.