బాబాయి గొంతు

నర్సింగ్ కాలేజీ ప్రాక్టీసు గదిలో మంచం మీద పడుకుని ఉండే బొమ్మను విద్యార్థినులు బాబాయి అంటారు. బాబాయికి జుట్టు లేదు. ఒకప్పుడు విగ్గు ఉండేదని, తలకు కట్టు కట్టడం నేర్చుకుంటూ ఏదో బ్యాచ్ వాళ్లు పోగొట్టారని చెబుతారు. ఎడమ చెయ్యి ఊడదీసి కడగవచ్చు. డిగ్రీకి వచ్చిన ప్రతి అమ్మాయీ మొదటి సూది గుచ్చేది ఆయనకే.

సూది గుచ్చే ముందు రోగిని పేరు అడగాలి. మనమే పేరు చెప్పి "మీరేనా?" అనకూడదు. ఒంట్లో బాగాలేనివాళ్లు దేనికైనా అవునంటారు. "మీ పేరు చెప్పండి" అని ఆగాలి. వాళ్లు చెప్పిన పేరును చేతి పట్టీ మీద ఉన్న పేరుతో సరిచూసుకోవాలి. బాబాయి నోరు విప్పడు కాబట్టి, అడిగినవాళ్లే గొంతు మార్చి ఆయన బదులు చెప్పేవారు.

మూడో సంవత్సరం చదివే అక్కకు ఆ గొంతు బాగా వచ్చు. అదే కాలేజీలో రెండో సంవత్సరం చదివే చెల్లెలు వరండాలోంచి విని లోపలికి వచ్చేది.

"ఏం బాబాయ్, జలుబు చేసిందా? గొంతు బొంగురుపోయింది."

"నీ గోల వినలేక," అనేవాడు బాబాయి.

అక్క మూడో సంవత్సరం ప్రాక్టికల్ పరీక్ష ఒకసారి తప్పింది. పేరు అడగకుండా, పట్టీ మాత్రం చూసి మందు ఇచ్చేసింది. యూనివర్సిటీ ఇంకొక్క అవకాశం ఇస్తుంది. అదీ పోతే మూడో సంవత్సరం మొత్తం మళ్లీ చదవాలి. అప్పటికి చెల్లెలు కూడా మూడో సంవత్సరంలోకి వస్తుంది. ఇద్దరూ ఒకే తరగతిలో కూర్చుంటారు.

ఫోన్లో తండ్రి దీన్ని తేలిగ్గా తీసుకున్నాడు. "కవలలని చెప్పుకోండి, సరిపోతుంది," అన్నాడు.

తల్లి ఫోన్ లాక్కుంది. "ఆయన మాటలకేం గానీ, నీ వెనక పుట్టినదాని పక్కన కూర్చోవాల్సిన ఖర్మ నీకెందుకే? పేరడగడానికి ఏమొచ్చింది?"

"ఈసారి అడుగుతానమ్మా."

"అడుగు. నోటి ముత్యాలేం రాలిపోవు."

అక్క ప్రతి సాయంత్రం ప్రాక్టీసు గదికి వెళ్లింది. పేరు అడగడం, బాబాయి గొంతుతో చెప్పడం, పట్టీ చూడడం, సూది. చెల్లెలు ఎగ్జామినర్ వేషం వేసి, మూతి బిగించి, మంచం కాళ్ల దగ్గర నిలబడేది. అడగడం ఒక్కసారి కూడా మరవలేదని సర్టిఫికెట్ ఇచ్చింది.

పరీక్ష ఆసుపత్రిలో, మగవాళ్ల సర్జికల్ వార్డులో పెట్టారు. ఎగ్జామినర్ వేరే కాలేజీ నుంచి వచ్చింది. అక్కకు వచ్చిన పని మధ్యాహ్నం భోజనానికి ముందు ఇన్సులిన్ ఇవ్వడం. రోగి లారీ డ్రైవరు. షుగరు ఉంది, కాలి పుండు మానక చేరాడు. అక్క మోతాదు సిరంజిలోకి తీసింది. వార్డు సిస్టరు చూసి సరేనంది.

ఆ వార్డుకు ఒక అలవాటు ఉంది. సెలైన్ ఎక్కించేటప్పుడు చేతి పట్టీ అడ్డం వస్తే కత్తిరించి మంచం చువ్వకు కడతారు. తర్వాత చేతికి కొత్తది కట్టాలి. కట్టే తీరిక ఎవరికీ దొరకదు. లారీ డ్రైవరు పట్టీ కూడా చువ్వకే ఉంది. మంచం మీద మనిషి దుప్పటి గడ్డం దాకా కప్పుకుని పడుకున్నాడు.

ఎగ్జామినర్ మంచం కాళ్ల దగ్గర నిలబడింది. అంతలో వార్డు సిస్టరు వచ్చి, తర్వాతి అమ్మాయికి ఏ రోగిని ఇవ్వాలని అడిగింది. ఎగ్జామినర్ అటు తిరిగింది.

అక్క చేతులు శుభ్రం చేసుకుంది. "నమస్కారమండీ. నేను నర్సింగ్ స్టూడెంట్ని. ఇన్సులిన్ ఇవ్వడానికి వచ్చాను. మీ పేరు చెప్పండి," అంది. ఆ ఊపులోనే, చువ్వకున్న పట్టీ చూస్తూ, లారీ డ్రైవరు పేరు తనే చెప్పేసింది. బాబాయి గొంతుతో చెప్పింది.

మంచం మీద మనిషి ఉలిక్కిపడి చూశాడు. "ఆఁ, ఆఁ, నేనే," అన్నాడు. అడక్కుండానే చొక్కా పైకెత్తాడు.

ఎగ్జామినర్ ఇంకా సిస్టరుతో మాట్లాడుతోంది. పక్క మంచం మీద ముసలాయన గురక పెడుతున్నాడు. విన్నవాళ్లు లేరు.

పేరు మళ్లీ అడగవచ్చు. కానీ పేరు అతని చెవిన పడిపోయింది. ఇప్పుడు అతను ఏం చెప్పినా అది ఆమె అందించిన పేరే. పట్టీ మంచానికి ఉంది గానీ మనిషికి లేదు. షుగరు లేనివాడికి ఆ మోతాదు పడితే స్పృహ తప్పుతాడు, ప్రాణం మీదికి రావచ్చు. అతనెవరన్నది ఇంకొకరిని అడిగి తెలుసుకోవాలి. అడిగితే, ఎందుకు అడుగుతున్నావని ఎగ్జామినర్ అంటుంది.

అక్క ట్రే బల్ల మీద పెట్టింది.

"మేడమ్, పేరు నేనే చెప్పేశాను. ఈయన ఔనన్నారు. చేతికి పట్టీ లేదు. ఈయన్ని ఎరిగినవాళ్లు ఎవరైనా చూసి చెప్పాలి."

"నువ్వే చెప్పావా? నేను వినలేదే."

"చెప్పాను మేడమ్."

వార్డు సిస్టరు వచ్చి దుప్పటి కిందికి లాగింది. "ఎవరయ్యా నువ్వు?"

బాత్రూం తలుపు తెరుచుకుంది. లారీ డ్రైవరు కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చాడు. "మా బావమరిదండీ," అన్నాడు. "విజిటర్ల టైము అయిపోయింది కదా, చూస్తే గెంటేస్తారని నేనే పడుకోమన్నా."

"పేరడిగితే నేనే అన్నావట?" అంది సిస్టరు.

"అడిగింది ఆవిడే, చెప్పిందీ ఆవిడేనండీ," అన్నాడు బావమరిది. "నేను ఔనన్నానంతే."

"సూది కూడా వేయించుకునేవాడివా?"

"చిన్నదేగా అనుకున్నా."

"వీడంతేనండీ," అన్నాడు డ్రైవరు. "నా పెళ్లిలో కాసేపు లేచి వెళ్తే నా కుర్చీలో కూర్చుని ఫొటో దిగాడు."

సిస్టరు నవ్వు ఆపుకుంటూ బావమరిదిని తలుపు దాకా నడిపించింది. ఎగ్జామినర్ నవ్వలేదు.

"ఆ స్టెప్పు తప్పితే మిగతావాటికి మార్కులు వేయడానికి లేదు. తెలుసుగా?"

"తెలుసు మేడమ్."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"ఆయన ఒంట్లోకి ఇన్సులిన్ వెళ్లిపోయేది మేడమ్."

ఎగ్జామినర్ పెన్ను తీసింది. మార్కుల కాగితం మీద అడ్డగీత గీసింది. "పరీక్ష అయిపోయింది. ఆయన భోజనం ఇంకా రాలేదు. మందు నువ్వే ఇవ్వు. మార్కులుండవు."

డ్రైవరు మంచం ఎక్కాడు. అతనే రోగి అని సిస్టరు చెప్పింది. అక్క మళ్లీ చేతులు శుభ్రం చేసుకుంది.

"మీ పేరు చెప్పండి."

"వార్డంతా తెలిసిపోయింది కదమ్మా నా పేరు."

"మీరే చెప్పాలండి."

అతను ఇంటిపేరుతో సహా చెప్పాడు. ఆమె సూది ఇచ్చింది. కొత్త పట్టీ తెచ్చి చేతికి కట్టింది. భోజనం రాగానే తినేయమని చెప్పి, ట్రే కడిగి, దాని చోట పెట్టి బయటికి వచ్చింది.

చెల్లెలు మెట్ల మీద కూర్చుని ఉంది.

"అడిగావా?"

"అడిగాను."

"మరి మొహం అలా ఉందేంటి?"

"జవాబు కూడా నేనే చెప్పాను."

చెల్లెలు ఆమె మొహంలోకి చూసింది. "ఆ గొంతుతోనా?"

"ఆ గొంతుతోనే."

చెల్లెలు నవ్వబోయి, చేత్తో నోరు మూసుకుంది. "పోయిందా?"

"పోయింది."

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. కింద స్ట్రెచర్ తోసుకుంటూ ఎవరో జరగండి జరగండి అంటున్నారు.

"క్లాసులో అక్కా అని పిలవను," అంది చెల్లెలు. "ముందే చెప్తున్నా. అందరూ నవ్వుతారు."

"మరేమని పిలుస్తావు?"

"పేరు పెట్టి."

"అమ్మ వింటే చంపేస్తుంది."

"అమ్మ క్లాసుకి రాదుగా," అంది చెల్లెలు. "కిటికీ పక్క సీటు మాత్రం నాది."

"అదేం కుదరదు," అంది అక్క. "పెద్దదాన్ని నేను."