పెద్దింట్లమ్మ జుట్టుముడి

బీరకాయలకి చెక్కు తీస్తుంటే హాల్లోంచి మురళీకృష్ణ "తులసీ, మంచినీళ్ళు" అన్నాడు. ఫిల్టరు అతనికి రెండడుగుల దూరంలోనే ఉంది. రామతులసి చేతులు కడుక్కుని వెళ్ళి గ్లాసు అందించింది. పదకొండేళ్ళుగా అందిస్తూనే ఉంది, కొత్తేం కాదు.

"ఆ థీసిస్ ఇంకా ఓ కొలిక్కి రాలేదా? ఎక్సర్‌సైజులు చేయించావు, మార్కులు వేశావు, జనం బాగుపడ్డారు. మళ్ళీ సిద్ధాంతమంటావేంటి?" అన్నాడు భర్త, ఖాళీ గ్లాసు అక్కడే వదిలేసి.

గైడు ఉదయ్‌కుమార్ గారూ నిన్న ఫోన్లో అదే అన్నారు. "అంకెలు బ్రహ్మాండంగా ఉన్నాయండి. పక్షవాతం వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళే ముందు కోలుకున్నారని తేలింది. అసలు కోలుకోవడమంటే ఏంటన్న ఆ థియరీ చాప్టరు తీసేసి సోమవారానికి ఇచ్చేయండి, పనైపోతుంది." ఆ మాటకి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఆస్పత్రి డ్యూటీకీ ఇంటి చాకిరీకీ మధ్య దొరికిన అరగంటలన్నీ పోగేసి నాలుగేళ్ళు రాసింది మరి. అయినా "చూస్తానండి" అని ఊరుకుంది. ఆ అంకెల్లో పెద్దింట్లమ్మ ఉంది.

పెద్దింట్లమ్మ పిఠాపురం బజార్లో చేపలమ్ముతుంది. ఆరు నెలల కిందట కుడిచెయ్యి పడిపోతే, ఫిజియోథెరపీ చేయించింది రామతులసే. వంట చేయగలరా, ఇల్లు ఊడ్చగలరా, వృత్తి పని చేసుకోగలరా అని ఫారంలో ఉన్న ప్రశ్నలన్నిటికీ ఆమెకి పూర్తి మార్కులు వచ్చాయి. పూర్తి మార్కులొస్తే ఇక చికిత్స ఉండదు. ఆమెకి ఈ వారమే ఆఖరు.

మొన్న చేపలకని వెళ్ళి రామతులసి నిలబడిపోయింది. ఒక కాలితో కత్తిపీట తొక్కిపెట్టి, చేప తోకని రెండో కాలి వేళ్ళతో బిగబట్టి, పెద్దింట్లమ్మ ఎడంచేత్తోనే చకచకా కోసేస్తోంది. కుడిచెయ్యి ఒళ్ళో ఊరికే పడి ఉంది. అబ్బ, ఏం మనిషి అనుకుంది రామతులసి. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. తను వేసిన మార్కులు గుర్తొచ్చి సిగ్గూ వేసింది.

"మరి బాగయిందన్నావేంటమ్మా?"

"మీరు చెయ్యి గురించి అడగలేదు కదండీ. పనవుతోందా అనడిగారు. అవకపోతే మా ఆయనొచ్చి వండుతాడేంటండీ?" అని నవ్వింది పెద్దింట్లమ్మ. "మగోళ్ళు మంచం మీద బాగుపడతారండి. మేం పొయ్యి దగ్గరే బాగుపడాలి."

"సరే, నీకేం కావాలో చెప్పు."

ఆమె కత్తిపీట పక్కకి జరిపింది. "నా జుట్టు నేను ముడేసుకోవాలండి. కోడలు వేస్తది, పాపం విసుక్కోదు. కానీ రోజూ తల వంచుకుని కూచోడం నాకు బాగోదండి. ఒంటిచేత్తో అన్నీ అవుతున్నాయి, ముడి పడట్లేదు."

ఫారంలో ముడికి గడి లేదు. అది అడిగినవన్నీ ఇంటికి కావలసిన పనులే, ఆ మనిషికి కావలసింది ఒక్కటీ లేదు. మగవాళ్ళకి మార్కులెందుకు తగ్గాయి? జబ్బుకి ముందు మాత్రం వాళ్ళెప్పుడు వండారు గనక? కోలుకోవడమంటే ఏంటో తేల్చుకోకుండా కొలిస్తే, కొలిచేది చాకిరీనే. చెయ్యి రావడం వేరు, పని జరిగిపోవడం వేరు. నాలుగేళ్ళు పుస్తకాల్లో వెతుక్కున్న మాటని పెద్దింట్లమ్మ చేపల గంప దగ్గర కూర్చుని చెప్పేసింది.

రామతులసి బీరకాయలు పక్కన పెట్టి బల్ల దగ్గర కూర్చుంది. పెద్దింట్లమ్మ ఫారంలో మార్కులు కొట్టేసింది. అడుగున 'తన జుట్టు తాను ముడేసుకోగలరా' అని కొత్త ప్రశ్న రాసి, 'లేదు' అని జవాబు రాసి, చికిత్స కొనసాగించాలని సంతకం పెట్టింది. థియరీ చాప్టరు తీయడం లేదని, సోమవారానికి ఇవ్వలేనని గైడుకి మెసేజ్ పంపింది. తర్వాత ఖాళీ ఫారం ఇంకోటి తీసి నింపింది.

కూర సంగతి అడగడానికొచ్చిన మురళీకృష్ణ తొంగిచూశాడు. "ఇంత తక్కువ మార్కులేంటి? పాపం, మంచం మీదే ఉన్నాడా? ఎవరిదిది?"

"మీదేనండి."

"నాకేమైంది? నేను బాగానే ఉన్నానుగా."

"అదేనండి నా సిద్ధాంతం."