తేరు ఒకింట్లో, మోకులొకింట్లో

చింతామణిలో పట్టునూలు అంగడి పెట్టుకున్న వెంకటరమణప్ప ఇంట్లో ఒక జపాన్ ఆయన నెల్లాళ్ళు భోజనం చేశాడు. దారం తీసే మిషన్లు బిగించడానికి వచ్చిన మనిషి. తన దేశం పోయినాక ఆ ఇంటికి ఒక మడత తెర పంపించాడు. ఆరు రెక్కలు, నిలబెడితే నడుమెత్తు. దానిమీద బంగారు మబ్బుల సందుల్లో వాళ్ళ ఊరి ఉత్సవం గీసి ఉంది. మేడంత తేరు, దానిపైన విసనకర్రలు పట్టుకున్న మగవాళ్ళు, ముందు మోకులు పట్టి లాగేవాళ్ళు, అంగళ్ళ ముందర నిలబడి చూసే ఆడవాళ్ళు. వెంకటరమణప్ప దాన్ని నడవలో పెట్టించాడు.

వెంకటరమణప్ప చనిపోయిన మరుసటేడు, 1984లో, కొడుకులు శ్రీరామయ్య, గుండప్ప భాగాలు పంచుకున్నారు. అంగడి రెండయింది. తెర దగ్గర మాత్రం ఇద్దరూ పట్టు విడవలేదు. చివరికి వడ్రంగి పిళ్ళప్పను పిలిచి నడిమి మడత కోయించారు. తల్లి కన్యకమ్మ వద్దంది, ఎవరూ వినలేదు. ఆమె పెద్దకొడుకు శ్రీరామయ్య దగ్గరే ఉండిపోయింది. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు.

తేరు శ్రీరామయ్యకు పోయింది. లాగేవాళ్ళు గుండప్ప ఇంటికి వచ్చారు. గుండప్ప భార్య వనజమ్మ బియ్యం ఏరుకుంటూ రోజూ వాళ్ళను చూసేది. ఒళ్ళు వంచి, పళ్ళు బిగించి లాగుతున్నారు. వెనక మోకులు చెక్క అంచు దగ్గర ఆగిపోయాయి.

"ఇంతమంది లాగుతాండారు, తేరు యాడుండాదమ్మా?" అని ఇంటికొచ్చినవాళ్ళు అడిగేవాళ్ళు.

"మా బావగారింట్లో ఉండాది" అని చెప్పీ చెప్పీ ఆమెకు సిగ్గేసింది.

ఒక మధ్యాహ్నం గుండప్ప అంగట్లో ఉండగా, వనజమ్మ మూడు రెక్కలూ దుప్పట్లో చుట్టి, జట్కాలో బావగారింటికి తీసుకుపోయింది. తోడికోడలు అంబుజమ్మ తలుపు తీసింది.

"ఏంది వనజా ఇది?"

"నా భాగమేం వదులుకోలేదక్కా. ఇది ఈడుంటేనే బాగుంటాది."

ఇద్దరూ రెక్కలు ఆనించి నిలబెట్టారు. కోసిన చోట ఒక మనిషి భుజం కొంచెం చీలింది. మోకులు మాత్రం తేరును అందుకున్నాయి. కన్యకమ్మ దగ్గరికొచ్చి చేత్తో తడిమి చూసి, దాని ముందరే కూర్చుంది.

సాయంత్రం సంగతి తెలిసి గుండప్ప అక్కడికే వచ్చాడు.

"ఎవర్నడిగి తెచ్చినావు?"

"అడిగింటే మీరు వద్దంటారు కదా" అంది వనజమ్మ.

అతను తెర వైపు తిరిగాడు. మోకులు తేరును అందుకున్న చోట వేలితో తడిమాడు. లోపలి నుంచి వచ్చిన శ్రీరామయ్య తమ్ముణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "కూర్చోరా" అన్నాడు. అంబుజమ్మ కాఫీ తెచ్చింది.

"అమ్మకి కంట్లో పొర వచ్చిండాది" అన్నాడు శ్రీరామయ్య. "కోలారు ఆస్పత్రికి పిల్చుకుపోవాల. నాకొక్కనికి అయ్యేటట్ల లేదు."

"నేనొస్తానన్నా. సోమవారం పోదాం."

అంగళ్ళు మళ్ళీ ఒకటి కాలేదు. తెర ఆ ఇంట్లోనే ఉండిపోయింది. సోమవారం పొద్దున ముగ్గురూ కోలారు బస్సెక్కారు. కన్యకమ్మ కిటికీ పక్కన కూర్చుంటానంది. గుండప్ప లేచి చోటిచ్చాడు.