రెండు డబ్బాల ట్యాంకు

ఉబాల్దోని మట్టిలో పెట్టి పట్టుమని పది రోజులైనా కాకముందే ఆ ఇద్దరూ ఎడెల్మీరా తలుపు తట్టారు. వచ్చింది పరామర్శకు కాదని ఆమెకు గుమ్మంలోనే తెలిసిపోయింది. పరామర్శకు వచ్చేవాళ్ళు ఖాళీ సంచులు చంకన పెట్టుకుని రారు.

ఇద్దరూ ఆమె మొగుడు ఉబాల్దో స్నేహితులే. కోస్మే చెప్పుల దుకాణం అమ్మేసుకుని కూర్చున్నవాడు, అతని పొట్ట ముందు నడిస్తే అతను వెనక నడుస్తాడు. బౌద్రాకో బడిలో లెక్కల మాస్టారుగా చేసి దిగిపోయాడు కానీ ఎదుటివాళ్ళ తప్పులు దిద్దే ఉద్యోగం మాత్రం మానలేదు. ముగ్గురూ కలిసి రొసారియోలో తమ పేట క్లబ్బు వెనక గదిలో ప్రతి శనివారం ప్లాస్టిక్ ట్యాంకులు అతికించేవాళ్ళు. అసలు ట్యాంకుకు ముప్పై అయిదో వంతు ఉండే ఆ బొమ్మలంటే ముగ్గురికీ ప్రాణం. ఎడెల్మీరాకు ఆ పిచ్చి ఏనాడూ నచ్చలేదు. ఇల్లంతా జిగురు కంపు, పక్క దులిపితే ప్లాస్టిక్ పొట్టు, బట్టలు పెట్టుకోవాల్సిన బీరువాలో తెరవని డబ్బాలు.

కానీ ఈ ఆఖరి ట్యాంకు సంగతి వేరు. ఇంగ్లీషువాళ్ళు వాడి వదిలేసిన పాత షెర్మన్ ట్యాంకులను తమ దేశపు సైన్యం కొనుక్కొచ్చి, కొత్త ఇంజను వేసి, ఫ్రెంచివాళ్ళ పొడుగు ఫిరంగి తగిలించి సొంతం చేసుకుంది. అలాంటిది తయారు చేయాలని ఉబాల్దోకి చిన్నప్పటి కోరిక. ఊళ్ళో దొరికే ఏ డబ్బాలోనూ అది లేదు. అందుకని కోస్మే ఇచ్చిన షెర్మన్ డబ్బాలోంచి ఒళ్ళు, బౌద్రాకో ఇచ్చిన ఫ్రెంచి ట్యాంకు డబ్బాలోంచి ఫిరంగి తీసి రెంటినీ ఒకటి చేశాడు. కలిసే చోట పుట్టీ మెత్తి, తడి పుల్లతో నొక్కి నొక్కి వెల్డింగు గీతలు తెప్పించాడు. జబ్బు మనిషే గానీ గీత వంకర పోలేదు. మంచం మీద వీపుకు దిండు పెట్టి కూర్చోబెట్టింది ఎడెల్మీరాయే. ఎడమ పక్క పచ్చరంగు వేసి, ఎండకు వెలిసినట్టు చేసి, చక్రాలకు కాఫీ పిప్పితో బురద అంటించాడు. కుడి పక్క బూడిదరంగులోనే మిగిలిపోయింది. ఆయన చేతులు చివరగా తాకింది దాన్నే, ఆమెకు కావలసిందీ అదొక్కటే.

వాళ్ళకు కావలసిందీ అదే.

కోస్మే కుర్చీలో కూలబడి, అందరూ వంతులవారీగా పీల్చే మాతే టీ బుర్ర అందుకుని, పక్కవాడికి ఇవ్వకుండా తనే పీలుస్తూ మొదలుపెట్టాడు. ఆ ఒళ్ళు తనదట, ఊరికే ఇచ్చింది కాదట, ఉబాల్దో వాడుకుని మరొకటి తెప్పించి ఇస్తానన్నాడట. అది లేక తన డబ్బా దండగైపోయిందట. బౌద్రాకో అందుకుని ఫిరంగి విషయంలో తనదీ అదే మాటన్నాడు. పైగా ఆ డబ్బాలు ఇప్పుడు తయారవడం లేదని, దొరకవని, ఇది బాధ్యత గురించిన విషయమని పాఠం చెప్పాడు. చెబుతున్నంతసేపూ బల్ల మీది తీపి రొట్టెల మీంచి చక్కెర పైపూత ఊడబెరుక్కుని తింటూ, మిగిలిన పిండి ముద్దలను పళ్ళెంలోకే తిరిగి పడేశాడు. ఎడెల్మీరాకు ఒళ్ళు మండింది.

బీరువా తెరిచి చూపించింది. అందులోంచి మీకు కావలసినవి తీసుకోండి, దీన్ని మాత్రం వదిలేయండి అంది. ఆ మాట పూర్తవకముందే ఇద్దరూ లేచారు. ఒక్కో డబ్బా మూత తీయడం, ముక్కు లోపల పెట్టి కొత్త ప్లాస్టిక్ వాసన గట్టిగా పీల్చడం, కళ్ళు మూసుకుని తల ఊపడం. తన ఇంట్లో, తన దుప్పట్ల పక్కన. సంచులు నిండాయి. నిండాక బౌద్రాకో గొంతు సవరించుకుని, "ఇవి మీ ఇష్టంకొద్దీ ఇచ్చినవి. ఆ ట్యాంకులో ముక్కలు మావి. లెక్క వేరు," అన్నాడు.

ఎడెల్మీరా బీరువా తలుపు వేసేసింది.

"విరగ్గొడతారా దాన్ని?" అని అడిగింది.

"విరగ్గొట్టేదేముంది, ఎడెల్మీరా," అన్నాడు బౌద్రాకో. "ఫ్రీజర్‌లో పెడితే చలికి ఆ జిగురు పెళుసెక్కుతుంది. సాయంత్రానికి ఇలా అంటే అలా ఊడొస్తాయి. ఉబాల్దో కూడా అలాగే ఊడదీసేవాడు."

అడగకుండానే ట్యాంకును సంచిలో చుట్టి ఫ్రీజర్ తెరిచాడు. అందులో ఉబాల్దో కోసమని రొట్టె పొడి అద్ది పేర్చి పెట్టిన మిలనేసా మాంసం ముక్కలున్నాయి. ఆయన తినలేకపోయాడు, ఆమె పారేయలేకపోయింది. కోస్మే వెనకనుంచి తొంగిచూశాడు.

"ఇవి ఎవరన్నా తింటారా, లేకపోతే నేను..." అని నసిగాడు.

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. దాన్నే ఔననుకున్నాడు కాబోలు, నాలుగు ముక్కలు సంచిలో వేసుకున్నాడు. పోతూ పోతూ ఉబాల్దో పని బల్ల దగ్గర ఆగి అన్నిటికన్నా సన్న కుంచె తీశాడు. దాని మొన తీర్చడానికి నోట్లో పెట్టుకుని పెదాల మధ్య తిప్పాడు. ఉబాల్దో కూడా అలాగే తీర్చేవాడు. ఆఖరిసారి ఆ వెంట్రుకలు తడిసింది ఆయన ఉమ్మితోనే.

"మంచి కుంచె," అన్నాడు కోస్మే. "దీన్నీ తీసుకెళ్ళనా?"

"తీసుకుపో," అంది ఎడెల్మీరా. ఇక అది ఆమెకు అక్కర్లేదు. వాళ్ళు సాయంత్రం వస్తామని పోగానే తలుపు గడియ పెట్టి, సింకు దగ్గర నిలబడి తన నోరు మూడుసార్లు పుక్కిలించింది.

వీధంతా మధ్యాహ్నపు కునుకులో ఉంది. జనవరి నడివేసవి ఎండకు రేకులు చిటపటమంటున్నాయి. ఫ్రీజర్‌లోంచి ట్యాంకు తీసి చూస్తే అప్పటికే మంచు పొడి పట్టి ఉంది. దాచేద్దామా అనుకుంది. పోయిందని చెబుదామా అనుకుంది. ఏం చెప్పినా వాళ్ళు వదలరు, వచ్చే శనివారం మళ్ళీ వస్తారు, ఏడాది తర్వాతైనా వస్తారు, వాళ్ళకు వేరే పనేముంది కనక. ఇది తనకు దక్కాలంటే వాళ్ళకు అక్కర్లేనిది కావాలి. తను కోస్మే నోట్లోని కుంచెను ఎలా చూసిందో, వాళ్ళు ట్యాంకును అలా చూడాలి.

పెరట్లో వీధి గేటుకు వేసే ముదురుపచ్చ రంగు డబ్బా ఉంది. ట్యాంకును ఎండలో పెట్టి, చెమ్మంతా తుడిచి ఆరనిచ్చింది. డబ్బా మూత పెకలించి, పైన కట్టిన మీగడ చీల్చి, గేటుకు వాడే వెడల్పాటి కుంచె ముంచింది. ముందు ఫిరంగి. తర్వాత పుట్టీ వెల్డింగు. ఆ సన్నటి గీతలు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. బూడిదరంగు పక్క తేలిగ్గానే అయిపోయింది. ఎడమ పక్కకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఎండకు వెలిసిన ఆ పచ్చదనం, ఆ కాఫీ పిప్పి బురద. ఇంతవరకూ చాలదా అనుకుంది. చాలదు. ఇంత బాగుంటే ఆ ముక్కనైనా రంపంతో కోసుకుపోతారు. ఏడుస్తూనే దాని మీదా పూసింది. చక్రాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, కింద రంగు బొట్లు వేలాడాయి. మొదటి పూత ముట్టుకుంటే అంటనంతగా ఆరాక రెండోది కూడా వేసింది.

సాయంత్రం వాళ్ళు పట్టకార్ల పెట్టెతో సహా దిగారు. ట్యాంకు బల్ల మీద వార్తాపత్రికపై ఉంది. కోస్మే గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. బౌద్రాకో వంగి చూసి, మురికి కాలవలో కాలు పెట్టినవాడిలా మొహం పెట్టాడు.

"ఏమిటిది?"

"రంగు వేశాను. సగంలో ఆగిపోయిందిగా."

"గేటు రంగు," అన్నాడు బౌద్రాకో.

"థిన్నరుతో కడిగితే పోదంటావా?" అని కోస్మే చిన్నగా అడిగాడు.

"ఇంత మందం ఊడేలా కడిగితే ప్లాస్టిక్కే ముద్దవుద్ది, మొద్దు మొహమా."

"మరి నా షెర్మన్?"

"నీ షెర్మన్ గేటైపోయింది."

"తీసుకెళ్ళండి," అంది ఎడెల్మీరా. "ఎవరి ముక్క వాళ్ళు. ఇలా అంటే అలా ఊడొస్తాయన్నావుగా బౌద్రాకో, ఏదీ, ఇలా అను."

బౌద్రాకో వేలితో ఫిరంగిని కొంచెం తాకాడు. వేలికి పచ్చగా అంటింది. చేతిరుమాలు తీసి ఒకటికి నాలుగుసార్లు తుడుచుకుని, రుమాలును కూడా జేబులో పెట్టుకోవడానికి మనసొప్పక చేత్తోనే పట్టుకున్నాడు.

"ఉబాల్దో చూస్తే మళ్ళీ చచ్చేవాడు," అన్నాడు.

"నువ్వు పొద్దున సంచి నింపుకుంటుంటే చూసి ఉంటే అప్పుడే చచ్చేవాడు. వెళ్ళండిక."

వెళ్ళారు. కోస్మే గేటు దగ్గర ఒక్కసారి గేటు వంకా, ఇంటి వంకా చూసి తల కొట్టుకున్నాడు.

ఎడెల్మీరా తలుపు వేసి వచ్చి ట్యాంకును రెండు చేతులతో ఎత్తుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చేసిన బొమ్మ ఒక్కటైనా ఆమె చేతికి రాలేదు. ముట్టుకోకే, వేలిముద్రలు పడతాయి అనేవాడు. పైపూత ఇంకా పచ్చిగానే ఉంది. వేళ్ళు అంటుకుని, తీస్తే చప్పుడయింది. ఎడమ పక్క అయిదు ముద్రలు లోతుగా పడ్డాయి.

దాన్ని పడక గదిలోకి తీసుకెళ్ళి ఉబాల్దో దిండు పక్కన పెట్టింది. దీపం వేసి చూసింది. ఎంత అసహ్యంగా చేశాను అనుకుంది. అంత అసహ్యమైన వస్తువు ఆ ఇంట్లో మరొకటి లేదు. ఇక దాన్ని ఎవరూ అడగరు.