వంకాయరంగు ఊలు

జానమ్మ చనిపోయిన రోజు పొద్దున రెండు కుర్చీల మధ్య ఊలు లడి వేలాడుతోంది.

నల్గొండలో వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుర్చీలను వీపు వీపు ఎదురెదురుగా, మూరెడు ఎడంగా నిలిపి, వాటికి వంకాయరంగు లడిని దండలా తొడిగి, ఆమె దాన్ని ఉండగా చుడుతోంది. సగం చుట్టాక ఉండను కుర్చీలో పెట్టి, "గుండెల పట్టినట్టు అయితాందయ్యా" అంది. సాల్మన్ ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు. దవాఖాన గేటు దాటకముందే ఆమె తల అతని భుజం మీద వాలిపోయింది. అది 2022 అక్టోబరు.

సాల్మన్ కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి, తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాదే రిటైరయ్యాడు. జానమ్మ ఒక బడి హాస్టల్లో ఆయాగా చేసింది. అక్కడి ముసలి మేట్రన్ ఆమెకు స్వెటర్లు అల్లడం నేర్పింది. వాళ్లకు పిల్లలు లేరు. ప్రతి చలికాలం జానమ్మ ఎవరో ఒకరికి ఏదో ఒకటి అల్లేది: పక్కింటి బాలింతకు బిడ్డ టోపీ, చర్చి కాపలా మనిషికి మఫ్లర్.

ఊలు దుకాణం నుంచి లడిగా వస్తుంది. పొడుగ్గా, మెలితిప్పిన జడలా ఉంటుంది. దాని నుంచి నేరుగా అల్లబోతే రెండు వరుసలకే చిక్కుపడుతుంది. ముందు మెలి విప్పి, దులిపి, గుండ్రంగా సాగదీసి, కట్టిన దారాలు తెంచి, కొస వెతికి ఉండ చుట్టుకోవాలి. అందుకు ఇద్దరు కావాలి. ఒకరు చేతులు చాపి లడిని పట్టుకుంటే ఇంకొకరు చుట్టాలి. ముప్పై ఏళ్లకు పైగా ఆ చేతులు సాల్మన్‌వే. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాప మీద కూర్చుని చేతులు చాపేవాడు. దారం ఎటు నుంచి వస్తే అటు చెయ్యి కొంచెం వంచేవాడు. ఆమె చుడుతూ మాట్లాడేది. హాస్టల్లో ఏ పిల్ల ఏడ్చింది, పాస్టరుగారి భార్య ఏమంది, పక్కింటామె ఏం వండింది. చేతులు కదిలించే వీలు లేదు కాబట్టి సాల్మన్ అన్నీ వినేవాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నదంతా ఎక్కువగా అప్పుడే.

రిటైరయ్యాక కొన్నేళ్లకు అతనికి ఫోన్లో క్రికెట్ చూడడం అలవాటైంది. ఒక సాయంత్రం ఆమె లడి తెచ్చి ఎదురుగా కూర్చుంటే, "భుజం గుంజుతాంది. ఉండలే కొనుక్కరారాదు?" అన్నాడు.

"నాకు కావాల్సిన రంగు లడీలల్లనే దొరుకుతది గదయ్యా."

"ఏమో మరి. నాతోని అయితలేదు."

మరునాడు ఆమె రెండు కుర్చీలు జరుపుకుంది. ఆ తర్వాత నాలుగేళ్లు ఆ కుర్చీలే పట్టాయి.

సమాధి అయ్యాక కూడా సాల్మన్ ఆ కుర్చీలను కదపలేదు. పక్క నుంచి ఒదిగి నడిచేవాడు. నేల మీదే తినేవాడు. వచ్చినవాళ్లు చాప మీద కూర్చునేవారు. పదిహేనో రోజు ఇంట్లో ఆదరణ కూడిక ప్రార్థన పెట్టారు. భువనగిరి నుంచి సాల్మన్ తమ్ముడు దశరథ్, అతని భార్య ఎస్తేరు వచ్చారు. ఎస్తేరు పొద్దున్నుంచీ ఒంటి చేత్తో ఇల్లంతా కడిగింది, ముప్పై మందికి వండింది. పాస్టరుగారికి కుర్చీ కావలసి వచ్చింది. సాల్మన్ బయట టెంటు కట్టిస్తున్నాడు. లోపలికి వచ్చి చూసేసరికి పాస్టరుగారు ఒక కుర్చీలో, సంఘం పెద్ద ఇంకో కుర్చీలో కూర్చున్నారు.

"గా ఊలు ఏది ఎస్తేరు?"

"కవర్ల పెట్టి అల్మార్ల వెట్టిన బావా. మట్టి కాకుండ" అంది ఆమె సంతోషంగా.

సాల్మన్ తల ఊపాడు. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోవడానికి ఏమీ లేదు.

అందరూ వెళ్లిపోయిన మరునాడు కవర్ తెరిచాడు. లడి, సగం చుట్టిన ఉండ, అన్నీ ఒకదానిలో ఒకటి దూరి పిచ్చుక గూడులా అయ్యాయి. ఒక కొస కనబడితే పట్టి లాగాడు. నాలుగు జానలు వచ్చి ఆగింది. ఇంకొంచెం లాగాడు. లోపల ఎక్కడో ముడి బిగిసింది. విసుగొచ్చి కత్తెర కోసం లేచాడు గానీ, కత్తెర జానమ్మ అల్లిక సంచిలో ఉంది. ఆ సంచి తెరవడానికి మనసొప్పక మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

అప్పుడు తన పని గుర్తొచ్చింది. తీగ చుట్ట మెలిపడితే కొత్తగా వచ్చిన హెల్పర్లు బలం కొద్దీ గుంజేవారు. అతను వాళ్లను కసిరేవాడు: గుంజితే మెలి బిగుస్తుంది, ముందు చుట్టను వదులు చెయ్యి. అదే మాట ఇప్పుడు తనకు తాను చెప్పుకున్నాడు. ఊలును చాప మీద పరిచి, లాగకుండా, వేళ్లతో పోగు పోగూ ఎడం చేస్తూ వదులు చేశాడు. ముడి ఉన్నచోట దాన్ని పెద్దది చేసి, సగం చుట్టిన ఉండను ఆ సందులోంచి ఇవతలికి తీశాడు. మధ్యాహ్నానికి రెండు చిక్కులు విడిపోయాయి. కళ్లు లాగుతుంటే ఆపి అన్నం పెట్టుకున్నాడు.

అలా నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఇంటికి ఎవరూ రాలేదు. పాల మనిషి గేటుకు ప్యాకెట్ తగిలించి పోయేవాడు. సాల్మన్ ఒక్కోసారి ఏదో చెప్పబోయి నోరు తెరిచేవాడు. ఎదురుగా కిటికీ తప్ప ఏమీ ఉండేది కాదు. నాలుగో రోజు సాయంత్రం చివరి చిక్కు విడిపోయి, లడి మొత్తం ఉండలోకి వచ్చేసింది. గట్టిగా, గుండ్రంగా, బంతిలా చుట్టాడు. చూసుకుని సంబరపడ్డాడు. చూపించడానికి ఎవరూ లేరని అప్పుడు తెలిసింది.

ఆ ఉండను పెట్టడానికే జానమ్మ సంచి తెరిచాడు. అందులో విప్పని లడీలు నాలుగు, సూదులకు జానెడు అల్లిన స్వెటర్ వీపు భాగం, ఒక చీటీ ఉన్నాయి. చీటీలో ఆమె రాత: "బిక్షమ్మ. ఛాతి 36. చెయ్యి 19. మెడ వెడల్పు పెట్టాలె."

బిక్షమ్మ ఎవరో అతనికి వెంటనే తట్టలేదు. చాలాసేపటికి, వీధి ఊడ్చే మున్సిపాలిటీ ఆమె కావచ్చనిపించింది. ఆమె వచ్చే వేళకు అతను ఎప్పుడూ నిద్రలోనే ఉండేవాడు.

మరునాడు తెల్లవారకముందే లేచి గేటు దగ్గర నిలబడ్డాడు. చలి మొదలైంది. బిక్షమ్మ తలకు తువ్వాల చుట్టుకుని, చీర మీద పచ్చ కోటు వేసుకుని చీపురుతో వస్తోంది. యాభై దాటిన మనిషి. అతన్ని చూసి ఆగింది.

"అన్నా, మంచిగున్నవా? వదినె మట్టికి వచ్చిన గని నువ్వు చూడలేదు. ఎనుక నిలవడ్డ."

"చెల్లె, జానమ్మ నీకు స్వెటర్ అల్లుతున్నదా?"

బిక్షమ్మ చీపురు గోడకు ఆనించింది. "వద్దంటె ఇనలే వదినె. దారంతోని కొలత తీసుకున్నది. రోజు గీ అరుగు మీదనే ఇద్దరం చాయ్ తాగేది. మూడేండ్లాయె."

మూడేళ్లు. ఆ అరుగు మీద రోజూ ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని చాయ్ తాగారు. గోడ అవతలే అతను ముసుగు తన్ని పడుకున్నాడు.

"నీ భుజం తగ్గిందా అన్నా?" అంది బిక్షమ్మ. "వదినె దానికి మస్తు ఫికర్ చేసేది. 'మా ఆయన పాపం స్తంభాలెక్కి ఎక్కి భుజాలు పోగొట్టుకున్నడు, లేకుంటె ఊలు పట్టేటోడు' అనేది. వాయిలాకు నూనె కాయమని నేనే చెప్పిన."

సాల్మన్ గేటు ఊచ పట్టుకున్నాడు. ఆ వావిలాకు నూనె అతనికి గుర్తుంది. వారానికి రెండుసార్లు ఆమె వేడిచేసి తెచ్చి రాసేది. అతను ఫోన్ చూస్తూ భుజం అటు తిప్పేవాడు.

"నొప్పి లేదు చెల్లె" అన్నాడు. "ఎన్నడు లేకుండె. పట్టబుద్ధిగాక చెప్పిన."

"నూనె రాపిచ్చుకున్నవు గద?"

"రాపిచ్చుకున్న."

"గదే మరి. ఆమెకు రాసుడు ఇష్టముండెనేమో." ఆమె చీపురు అందుకుంది. "నొప్పి లేదని ఆమెకు ఎర్కనో లేదో మనకేం తెలుసు. ఊకో అన్నా, ఏడ్వకు."

అప్పటిదాకా తను ఏడుస్తున్నట్టు అతనికి తెలియదు.

ఇక స్వెటర్ ఎవరు పూర్తిచేయాలన్నది మిగిలింది. చర్చిలో రూప అనే అమ్మాయి జానమ్మ దగ్గర అల్లిక నేర్చుకుంది. దవాఖానలో నర్సు. ఆదివారం ఆరాధన అయ్యాక సాల్మన్ సంచి పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాడు. రూప చీటీ చదివింది. అల్లిన భాగాన్ని తిప్పి చూసింది. తర్వాత అతను చుట్టిన ఉండను చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కింది.

"పెదనాయినా, గింత గట్టిగ చుట్టినవేంది? రాయి లెక్కనే ఉంది."

"విడిపోవద్దని బిడ్డా."

"గిట్ల చుడితె ఊలు సాగుతది. సాగిన ఊలుతోని అల్లితె ఉతికినంక స్వెటర్ చిన్నగైతది. మూడు వేళ్లు లోపల పెట్టి, వాటి మీద చుట్టాలె. కొంచెం చుట్టినంక వేళ్లు తీసి ఉండ తిప్పాలె. గప్పుడు లోపల జాగా ఉంటది, ఊలుకు గాలి ఆడుతది. పెద్దమ్మ గట్లనే చుట్టేది, సూడలేదా?"

ముప్పై ఏళ్లు ఎదురుగా కూర్చున్నాడు. ఉండ చూశాడు, ముఖం చూశాడు. వేళ్లు చూడలేదు.

ఆ ఉండను ఇంటికి తీసుకుపోయి మొత్తం విప్పి, వేళ్ల మీద మెత్తగా మళ్లీ చుట్టాడు. మిగతా లడీలు చుట్టడానికి రూపే డ్యూటీకి ముందు ఒక మధ్యాహ్నం వచ్చింది. కుర్చీలు జరపబోయిన ఆమెను సాల్మన్ ఆపి, చాప మీద కూర్చుని చేతులు చాపాడు.

"నీకు కష్టం కాదా?"

"కాదు. నువ్వు చుట్టు."

రూప లడి మెలి విప్పి దులిపింది. అతని చేతులకు తొడిగి, కట్లు తెంచి, కొస పట్టుకుంది. చురుకైన పిల్ల. దారం ఎడమ నుంచి వస్తే అతను ఎడమ చెయ్యి వంచాడు, కుడి నుంచి వస్తే కుడి. చేతులు ఏమీ మరిచిపోలేదు. ఒక్కచోట కూడా చిక్కు పడలేదు. మాట్లాడుతుందేమోనని అతను ఎదురుచూశాడు. రూప గడియారం చూసుకుంటూ చుట్టింది. జానమ్మతో ఒక్క లడికి గంట పట్టేది. ఇవాళ నాలుగూ ముప్పావు గంటలో అయిపోయాయి.

"డ్యూటీకి టైమైంది, పోతున్న" అని రూప లేచింది. గేటు చప్పుడయ్యాక కూడా అతను కాసేపు చేతులు దించలేదు.

సంక్రాంతి సెలవులకు ముందే స్వెటర్ పూర్తయింది. సాల్మనే ఇచ్చాడు, తెల్లవారుజామున, గేటు దగ్గర. ఆ నెలన్నర రోజుల్లో పొద్దున్నే లేచి బిక్షమ్మకు చాయ్ పెట్టడం అతనికి అలవాటైంది. మొదట పాలెక్కువ పోసేవాడు, తర్వాత సరిపోయింది. బిక్షమ్మ స్వెటర్ చీర మీద తొడుక్కుని, పైన పచ్చ కోటు వేసుకుంది. వీపు కింది భాగం జానమ్మ అల్లింది, పైన రూప అల్లింది. రూప చెయ్యి కొంచెం బిగువు. రెండూ కలిసిన చోట సన్నని గీత తెలుస్తోంది.

"గిది కనబడుతాంది చెల్లె. ఇప్పి మళ్ల అల్లమందునా?"

బిక్షమ్మ చెయ్యి వెనక్కి పెట్టి ఆ గీతను తడిమి చూసుకుంది. "ఉండనీ. ఈడిదాక వదినె ఉన్నదని తెలుస్తది." చాయ్ తాగి గ్లాసు కడిగిచ్చి ఊడ్చుకుంటూ వెళ్లిపోయింది. ఆమె చాయ్ నిలబడే తాగింది. జానమ్మతో కూర్చున్నట్టు అతనితో అరుగు మీద కూర్చోలేదు. అతనూ కూర్చోమనలేదు.

ఫిబ్రవరిలో రూపకు కల్వకుర్తి దవాఖానకు బదిలీ అయింది. మిగిలిన ఊలునూ జానమ్మ సూదులనూ సంచిలో పెట్టుకుని సాల్మన్ బస్‌స్టాండుకు వెళ్లాడు. రూప వద్దంది.

"నీ దగ్గర ఉంచుకో పెదనాయినా. గుర్తుగ."

"ఇంట్ల ఉంటె పురుగు కొడుతది బిడ్డా. ఆడ ఎవలకన్న చిన్న పిల్లలకు అల్లు."

ఆమె తీసుకుంది. సీట్లో కూర్చున్నాక కిటికీలోంచి, "ఈస్టర్‌కు రా, మా ఇంటికి" అంది. వస్తానన్నాడు. బస్సు కదిలి, మలుపు తిరిగి కనబడకుండా పోయింది. ప్లాట్‌ఫారం మీద ఇంకో బస్సు వచ్చి ఆగింది. అతను కదలకుండా అక్కడే నిలబడి ఉండడం చూసి కండక్టర్ తల బయటపెట్టి, "ఎక్కుతవా పెద్దాయనా? దేవరకొండ పోతది" అన్నాడు.

"లేదు" అన్నాడు సాల్మన్. "బిడ్డను సాగనంప వచ్చిన."

ఎండ ముదురుతోంది. చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి. వాటిని వెనక్కి కట్టుకుని, ఆటోలను తప్పించుకుంటూ, ఇంటి వైపు నడక మొదలుపెట్టాడు.